ఊపిరికీ ఓ కొలత కావాలి

వైద్య శిబిరం ఎవరు పెట్టినా, అది సేవా సంఘం వాళ్లదైనా ఎమ్మెల్యేగారి పుట్టినరోజుదైనా, రెండు బల్లలు మాత్రం తప్పకుండా ఉంటాయి. ఒక బల్ల దగ్గర జబ్బకు పట్టీ చుట్టి బీపీ చూస్తారు, రెండో బల్ల దగ్గర వేలు గుచ్చి షుగర్ చూస్తారు. ఒకప్పుడు పట్నం డాక్టరు దగ్గరే జరిగిన ఈ రెండు పరీక్షలూ ఇవాళ ఏఎన్ఎం సంచీలోకి వచ్చేశాయి. నలభై దాటిన మనిషిని షుగరెంత అని అడగండి, తినకముందు ఎంతో, తిన్నాక ఎంతో రెండూ చెబుతాడు. అదే మనిషిని ఒక్క సెకనులో ఎంత గాలి బయటికి ఊదగలవని అడిగితే వింతగా చూస్తాడు. ఆయన తప్పేమీ లేదు, ఆ సంగతి ఆయన్ని ఇంతవరకూ ఎవరూ అడగలేదు. మన దేశంలో గుండెపోటు తర్వాత ఎక్కువ మందిని చంపుతున్న జబ్బు సీఓపీడీ, అంటే ఏళ్ల తరబడి గాలిగొట్టాలు బిగుసుకుపోయే జబ్బు. 2016 నాటి అంచనా ప్రకారం అది 5.5 కోట్ల మంది భారతీయులకు ఉంది, ఉబ్బసం ఇంకో 3.8 కోట్ల మందికి ఉంది. ప్రపంచ జనాభాలో మన వాటా 18 శాతమైతే దీర్ఘకాలిక శ్వాసకోశ వ్యాధుల భారంలో మన వాటా 32 శాతం. ఇంత పెద్ద జబ్బును మనం కొలవకుండా, కేవలం దగ్గు శబ్దం విని, ఆయాసం చూసి అంచనా కడుతున్నాం. బీపీ, షుగర్ల పక్కన మూడో బల్ల ఒకటి వేసి, పొగలో దుమ్ములో బతికేవాళ్ల చేతా, దగ్గు ఆయాసం వదలనివాళ్ల చేతా ఒకసారి గట్టిగా ఊదించి చూడాలన్నది ఈ వ్యాసం వాదన.

ఊదించి చూస్తే గానీ తెలియదా అంటే, తెలియదు. కారణం ఊపిరితిత్తి కట్టడంలోనే ఉంది. ముక్కులోంచి వెళ్లిన గాలి గొంతు దిగాక పది పన్నెండు సెంటీమీటర్ల శ్వాసనాళంలోకి చేరుతుంది. అది రెండుగా చీలుతుంది, ఆ రెండూ నాలుగవుతాయి, నాలుగూ ఎనిమిదవుతాయి. ఇలా సుమారు 23 సార్లు చీలాక గానీ చిట్టచివరి గాలితిత్తులు, అంటే వాయుగోణులు, రావు. గోదావరి డెల్టాలో ధవళేశ్వరం దగ్గర బయల్దేరిన కాలువ పిల్లకాలువలై, పంటబోదెలై శివారు చేల దాకా పోయినట్టే ఇదీనూ. ఎగువన లాకుల దగ్గర నిలబడి చూస్తే కాలువ నిండుగానే పారుతుంటుంది, ఏ శివారు బోదె పూడిపోయిందో అక్కడినుంచి కనపడదు. ఊపిరితిత్తి జబ్బుల్లో చాలావాటికి పుట్టుక ఆ శివార్లలోనే. రెండు మిల్లీమీటర్లకు లోపు ఉండే సన్న గొట్టాలు ఒక్కొక్కటీ ఇరుకే అయినా, వేలకు వేలుగా ఉంటాయి కాబట్టి అన్నీ కలిపితే గాలికి అక్కడ దొరికే చోటు పెద్ద గొట్టాలకంటే ఎంతో ఎక్కువ. అందుకే ఆరోగ్యవంతుడిలో గాలికి ఎదురయ్యే మొత్తం అడ్డంకిలో వీటి వాటా ఐదో వంతును మించదు. వీటిలో చాలా భాగం దెబ్బతిన్నా ఆ మనిషికి తెలియదు, స్టెతస్కోపు పెట్టిన డాక్టరుకూ తెలియకపోవచ్చు. ఎక్స్‌రే చాలాసార్లు శుభ్రంగానే వస్తుంది. వైద్యులు ఈ భాగానికి నిశ్శబ్ద ప్రాంతమని పేరు పెట్టింది ఇందుకే. సీఓపీడీ రోగుల ఊపిరితిత్తుల్ని అతి సూక్ష్మమైన సీటీ స్కాన్‌తో చూసిన పరిశోధకులు 2011లో ఒక సంగతి చెప్పారు: వాయుగోణుల గోడలు చిరిగిపోవడం కంటే ముందే ఈ చివరి గొట్టాలు సన్నబడి, మాయమైపోతున్నాయి. అంటే రోగి ఆయాసంతో ఆసుపత్రి మెట్లెక్కే వేళకు శివారు ఎప్పుడో ఎండిపోయింది.

పైగా ఊపిరితిత్తులకు పుట్టుకతో వచ్చిన నిల్వ చాలా పెద్దది. వాయుగోణులు 30 కోట్లకు పైనే ఉంటాయి, వాటి గోడలన్నీ విప్పి పరిస్తే సుమారు 70 చదరపు మీటర్లు. ఆ గోడ మందం మైక్రాన్ కూడా ఉండదు. దాని పక్కనుంచి పోయే ఎర్ర రక్తకణానికి అక్కడ దొరికే సమయం ముప్పావు సెకను. ప్రాణవాయువు నింపుకోవడానికి అందులో మూడో వంతు చాలు. కూర్చున్న మనిషికి నిమిషానికి ఐదారు లీటర్ల గాలి సరిపోతే, ప్రాణం పెట్టి పరిగెత్తేటప్పుడు అదే ఊపిరితిత్తి వంద లీటర్లకు పైగా తోయగలదు. ఇంత మిగులు ఉన్న అవయవం కొద్దికొద్దిగా అరిగిపోతుంటే మనిషికి తెలిసేదెలా? తెలియకపోగా మనిషే సర్దుకుపోతాడు. మెట్లు మానేసి లిఫ్టు ఎక్కుతాడు. గుడికి నడిచి వెళ్లే ఆవిడ ఆటో పిలుస్తుంది. బిందె ఎత్తాక రెండు నిమిషాలు గోడకు ఆనుకుంటుంది. అడిగితే వయసు మీద పడింది అంటారు, ఇంట్లోవాళ్లూ అవునంటారు. మొదటి సెకనులో ఊదగలిగే గాలి పాతికేళ్ల వయసులో ఉన్నదానిలో సగానికి పడిపోయాక గానీ చాలామంది డాక్టరు గడప తొక్కరు. అలా పోయిన సగం ఏ మందుతోనూ తిరిగి రాదు.

ఊపిరితిత్తి తనను తాను శుభ్రం చేసుకుంటుంది కదా, అంత భయం దేనికని అనొచ్చు. చేసుకుంటుంది, అదీ ఎంతో నేర్పుగా. పది మైక్రాన్లు దాటిన రేణువులు ముక్కు దగ్గరే ఆగిపోతాయి. వాటిని తప్పించుకుని కొంచెం లోపలికి దిగినవి గొట్టాల గోడల మీది జిగురులో చిక్కుకుంటాయి. ఆ జిగురు కింద కంటికి కనపడని కేశాలు సెకనుకు పది పదిహేను సార్లు ఒకే దిక్కుకు కొట్టుకుంటూ, నిమిషానికి కొన్ని మిల్లీమీటర్ల చొప్పున దాన్ని గొంతువైపు నెడతాయి. మనం తెలియకుండా మింగేసేది, పొద్దున్నే కఫంగా ఉమ్మేసేది అదే. ఇంకా లోపలికి, అంటే రెండున్నర మైక్రాన్లకు లోపు ఉండి వాయుగోణుల దాకా దిగిపోయినవాటిని భక్షక కణాలు మింగి మోసుకుపోతాయి. అయితే ఈ ఏర్పాటు వంటింటి పొగ, చుట్టపొగ, క్రషర్ దుమ్ము రోజూ పీల్చే బతుకు కోసం ఏర్పడింది కాదు. పొగాకు పొగ ఆ కేశాల్ని మొద్దుబారుస్తుంది. రాతిపొడిలోని సిలికా మరీ దుర్మార్గమైనది, తనను మింగిన భక్షక కణాన్నే చంపేసి బయటపడుతుంది. ఇంకో కణం వచ్చి మింగుతుంది, అదీ చస్తుంది. ఆ చావుల చుట్టూ మచ్చలు గట్టిపడి ఊపిరితిత్తి గట్టి తోలులా తయారవడమే సిలికోసిస్. దుమ్ము పని దిగాక, లోపలికి పోయిన దుమ్మును కడిగేస్తుందన్న నమ్మకంతో కూలీల చేతిలో బెల్లం ముక్క పెట్టే అలవాటు మన దగ్గర చాలాచోట్ల ఉంది. పెట్టేవాళ్ల మంచి మనసును తప్పుపట్టలేం. కాకపోతే ఆ బెల్లం తిన్న మనిషి ఊపిరితిత్తి ఇంకా ఎంత మిగిలిందో మేస్త్రీకి గానీ కూలీకి గానీ తెలియదు. శుభ్రం చేసే ఏర్పాటు ఎక్కడ ఓడిపోయిందో కొలిస్తేనే తెలుస్తుంది.

కొలిచే పనిముట్టు కొత్తదేమీ కాదు, రక్తపోటు పట్టీకంటే పాతది. లండన్‌లో జాన్ హచిన్సన్ అనే వైద్యుడు 1846లోనే స్పైరోమీటరును లోకానికి చూపించాడు. పోలీసులు, అగ్నిమాపక సిబ్బంది, మల్లయోధులు, పేదసాదలు, పెద్దమనుషులు అని చూడకుండా రెండువేల మందికి పైగా జనం చేత ఊదించి, మనిషి ఎత్తును బట్టి ఊపిరి పెరుగుతుందని లెక్క తేల్చాడు. ఆయన జీవితబీమా కంపెనీకి కూడా పనిచేశాడు. ఎవరు ఎన్నాళ్లు బతుకుతారో తెలుసుకోవాలన్న ఆసక్తి డాక్టర్లకంటే బీమావాళ్లకే ఎక్కువ మరి. తర్వాత వందేళ్లకు, 1947లో, ఫ్రాన్స్‌కు చెందిన టిఫెనో అసలు కిటుకు పట్టుకున్నాడు. ఎంత గాలి ఊదామన్నది ఒక్కటే చాలదు, అందులో మొదటి సెకనులో ఎంత వచ్చిందన్నది చూడాలి. ఇవాళ్టి పరీక్ష కూడా అదే. కుర్చీలో నిటారుగా కూర్చోబెట్టి, ముక్కుకు క్లిప్పు పెడతారు. గుండెల నిండా గాలి పీల్చి, పెదాలు గొట్టం చుట్టూ బిగించి, ఒక్క విసురున ఊదాలి. ఇక అయిపోయింది అనిపించాక కూడా పక్కనున్న మనిషి ‘ఊదండి ఊదండి, ఇంకా ఊదండి’ అని వెంటపడతాడు, కనీసం ఆరు సెకన్లు. ఇలా మూడుసార్లు. గొట్టాలు తెరుచుకునే మందు ఇచ్చి మళ్లీ ఊదించినా, మొత్తం గాలిలో 70 శాతం కంటే తక్కువే మొదటి సెకనులో వస్తే గొట్టాల్లో అడ్డంకి ఉన్నట్టు. మందుతో సంఖ్య బాగా పెరిగితే అది ఉబ్బసం వైపు మొగ్గు. సూది లేదు, రక్తం లేదు, పావుగంట పని.

కరోనా కాలంలో ప్రతి ఇంట్లోకీ వచ్చిన ఆక్సీమీటర్ ఉండగా ఇదెందుకని చాలామంది అడుగుతారు. వేలికి తగిలించుకోగానే 97 అని చూపిస్తే ఊపిరితిత్తులు దివ్యంగా ఉన్నాయనుకోవడం అప్పట్లో మొదలై ఇంకా పోలేదు. ఆక్సీమీటర్ చెప్పేది రక్తంలో ఈ క్షణాన ప్రాణవాయువు ఎంత ఉందన్న సంగతి. పైన చెప్పుకున్న మిగులు పుణ్యమా అని ఊదే శక్తి సగానికి పడిపోయినవాడికి కూడా కూర్చుని ఉన్నప్పుడు ఆ అంకె 96, 97 చూపించవచ్చు. నిమోనియా ముదురుతుంటే హెచ్చరించడానికి అది గొప్ప పనిముట్టే. ఏళ్ల తరబడి జరిగే అరుగుదలను మాత్రం అది చివర్లో చెబుతుంది, అప్పటికి చెప్పినా లాభం తక్కువ.

ప్రాణాయామం చేస్తే చాలదా అన్నది ఇంకో ప్రశ్న. దీన్ని కొట్టిపారేయడం సులువు, అన్యాయం కూడా. నెమ్మదిగా, పొట్ట కదిలేలా ఊపిరి తీసే సాధన వల్ల ఉదర వితానం, పక్కటెముకల కండరాలు బలపడతాయి, ఆయాసం వచ్చినప్పుడు పుట్టే కంగారు తగ్గుతుంది. సీఓపీడీ రోగులకు నడక, వ్యాయామం, ఊపిరి సాధన కలిపి నేర్పించే పునరావాస కార్యక్రమాలు మందులకు సాటివచ్చే మేలు చేస్తాయని వైద్యశాస్త్రమే ఒప్పుకుంటుంది. కానీ చిరిగిపోయిన వాయుగోణిని ఏ సాధనా అతకలేదు. సాధన చేసేవాడికి నిజంగా మేలు జరుగుతోందా, లేక అలవాటైన ఆయాసమే తేలికగా అనిపిస్తోందా అన్నది తేల్చడానికి కూడా ఊదిన అంకె ఒకటి కావాలి. రోజూ యోగా చేసే మనిషికి కొలత అంటే భయం ఉండాల్సిన పనిలేదు.

ఇక్కడే నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్ ప్రస్తావన తేకతప్పదు. ఏటా జూన్‌లో మృగశిర కార్తె ప్రవేశించే వేళకు బత్తిని కుటుంబం అక్కడ చేప ప్రసాదం పంచుతుంది. బతికున్న కొర్రమీను పిల్ల నోట్లో మందు ముద్ద పెట్టి రోగి చేత మింగిస్తారు, చేప తిననివాళ్లకు బెల్లంలో పెట్టి ఇస్తారు. దేశం నలుమూలల నుంచీ జనం వస్తారు. ప్రభుత్వం బారికేడ్లు కడుతుంది, మంచినీళ్లు పెడుతుంది, మత్స్యశాఖ చేపపిల్లల్ని సిద్ధం చేస్తుంది. శరీర నిర్మాణం ప్రకారం చేప పోయేది అన్నవాహికలోకి, ఊపిరి దారి వేరు. ఈ మాట హేతువాదులు ఎన్నోసార్లు చెప్పారు, జనం వస్తూనే ఉన్నారు. ఆ వాదన మళ్లీ మొదలుపెట్టడం కంటే ఉబ్బసం స్వభావం గురించి ఒక మాట చెప్పుకోవడం మేలు. అది ఎగుడుదిగుడు జబ్బు. రుతువు మారితే ముదురుతుంది, దానంతటదే తగ్గుతుంది, తెల్లవారుజామున బిగిసి మధ్యాహ్నానికి వదులుతుంది. బాగా ముదిరినప్పుడే మనిషి వైద్యం వెతుక్కుంటూ బయల్దేరతాడు కాబట్టి, ఆ తర్వాత ఏం చేసినా, చేయకపోయినా, కొంత తగ్గినట్టే కనిపిస్తుంది. ఇలాంటి జబ్బులో ‘నాకు బాగైంది’ అన్న మాట, అది చేపమందుకైనా ఖరీదైన డాక్టరుకైనా, సాక్ష్యంగా చాలదు. కొన్ని వందల రూపాయలకు దొరికే పీక్ ఫ్లో మీటర్ అనే ప్లాస్టిక్ గొట్టంలో పొద్దునా సాయంత్రం ఊది, రెండు వారాలు అంకెలు రాసుకుంటే ఎగుడుదిగుడు ఎంతో కాగితం మీదే కనపడుతుంది. అన్ని గంటలు ఓపిగ్గా లైన్లో నిలబడేవాళ్లలో తమ ఊపిరి ఎంతో తెలిసినవాళ్లు ఎందరుంటారు? అక్కడికి అన్ని శాఖల్నీ పంపే ప్రభుత్వం, ఆ లైను పక్కనే ఊదించే బల్లలు కూడా వేయిస్తే ఎవరి నమ్మకానికీ భంగం లేదు. ఉబ్బసం రోగులు అంతమంది తమంతట తామే ఒకచోటికి వచ్చే అవకాశం మళ్లీ ఏడాది దాకా రాదు.

లైన్లో కనిపించని రోగులు ఇంకొందరున్నారు, వాళ్లు వంటింట్లో ఉన్నారు. పొగతాగేవాళ్ల జబ్బుగానే సీఓపీడీ పేరుపడింది గానీ, ప్రపంచవ్యాప్తంగా ఈ రోగుల్లో పాతిక నుంచి నలభై అయిదు శాతం మంది జీవితంలో ఎన్నడూ పొగ తాగనివాళ్లేనని 2009లో లాన్సెట్‌లో వచ్చిన సమీక్ష లెక్కగట్టింది. మనలాంటి దేశాల్లో దానికి పెద్ద కారణం కట్టెపొయ్యి. ఉమ్మడి రాష్ట్రంలో దీపం పథకం 1999లో వచ్చింది, దేశమంతటికీ ఉజ్జ్వల 2016లో వచ్చింది. రెండూ మంచి పనులే. కానీ గ్యాసు రాకముందు పాతికేళ్లు పొయ్యి ఊదిన ఆడవాళ్లు ఇవాళ యాభై, అరవైల్లో ఉన్నారు. సిలిండరు వచ్చినంత మాత్రాన అప్పుడు పోయిన ఊపిరి వెనక్కి రాలేదు. వీళ్లలో దగ్గు వదలనివాళ్లు ఆర్ఎంపీ దగ్గరికో ఆరోగ్య కేంద్రానికో వెళితే జరిగేది తెలిసిందే. రెండు వారాలు దాటింది కాబట్టి క్షయ పరీక్ష చేస్తారు, అది చేయాల్సిందే. క్షయ లేదని తేలితే సంతోషించి దగ్గు మందు సీసా ఇచ్చి పంపిస్తారు. మరి ఏముంది అన్న ప్రశ్న అక్కడితో ఆగిపోతుంది. మన వ్యవస్థకు ఈ విషయం తెలియదని కాదు. ముప్పై దాటిన ప్రతి ఒక్కరి గురించీ ఆశా కార్యకర్త ఒక ఫారం నింపుతుంది. అందులో వంటకు ఏం వాడతారు, కట్టెలా, పిడకలా, బొగ్గా, గ్యాసా అన్న ప్రశ్న ఉంది. చెత్త, పంట వ్యర్థాలు తగలబెట్టే చోట, ఇటుక బట్టీల్లాంటి పొగ, దుమ్ము ఉన్న చోట పనిచేస్తారా అన్న ప్రశ్న ఉంది. ఆయాసం వస్తుందా అన్న ప్రశ్నా ఉంది. ఇంత చక్కగా అడిగాక, అవునన్నవాళ్లను కూర్చోబెట్టి ఊదించే పనిముట్టు మాత్రం చాలా ఆరోగ్య కేంద్రాల్లో లేదు. బీపీ గురించి ప్రశ్నలడిగి పట్టీ చుట్టకుండా పంపించేస్తే ఎలా ఉంటుందో ఇదీ అలాగే ఉంది.

ఈ వాదనకు ఎదురయ్యే అన్నిటికంటే బలమైన అభ్యంతరం వైద్యుల వైపు నుంచే వస్తుంది. ఏ లక్షణమూ లేని పెద్దలందరికీ సీఓపీడీ కోసం పరీక్ష చేయవద్దని అమెరికా నివారణ వైద్య నిపుణుల బృందం 2016లో సిఫారసు చేసింది, 2022లో అదే మాట మళ్లీ చెప్పింది. లక్షణాలు లేనివాళ్లలో ముందే కనిపెట్టినా వాళ్ల ఆరోగ్యం మెరుగుపడుతుందనడానికి ఆధారం లేదన్నది వాళ్ల వాదన, అది న్యాయమైన వాదనే. అందుకే ఇక్కడ అడుగుతున్నది ఊరందరికీ పరీక్ష చేయమని కాదు. ఆశా ఫారంలో పొగ, దుమ్ము, దగ్గు, ఆయాసం దగ్గర టిక్కు పడ్డవాళ్లకు మాత్రమే. అలాంటివాళ్ల విషయంలో ఆధారం వేరే చెబుతోంది. కెనడాలో శ్వాస ఇబ్బందులు ఉండి కూడా జబ్బు పేరు తెలియని వాళ్లను ఇళ్లకు ఫోన్లు చేసి వెతికి, ఊదించి, ఉబ్బసమో సీఓపీడీయో ఉందని తేలిన 508 మందిని రెండు వర్గాలు చేశారు. నిపుణులు చూసిన వర్గంలో, ఏడాదిలో శ్వాస సమస్యతో వైద్యం కోసం పరిగెత్తాల్సిన సందర్భాలు, మామూలు వైద్యం అందిన వర్గంతో పోలిస్తే సుమారు సగానికి తగ్గాయి. 2024లో వచ్చిన ఫలితమిది. పొగతాగేవాళ్ల సంగతికి వస్తే బ్రిటన్‌లో 2008లో 561 మంది మీద జరిగిన ప్రయోగం ఒకటుంది. అందరి చేతా ఊదించారు. సగం మందికి లీటర్ల లెక్క చెప్పారు, మిగతా సగానికి ‘నీ వయసు యాభై, నీ ఊపిరితిత్తి వయసు డెబ్బై’ అన్న ధోరణిలో చెప్పారు. ఏడాది తర్వాత చూస్తే మొదటి వర్గంలో 6.4 శాతం మంది, రెండో వర్గంలో 13.6 శాతం మంది మానేశారు. పెట్టె మీద పుండు బొమ్మ ముద్రించినా మానని మనిషిని తన సొంత అంకె కదిలించింది. నూటికి ఎనభై ఆరు మంది అప్పటికీ మానలేదన్నది కూడా నిజమే, అంకె మంత్రదండమేమీ కాదు.

మానేస్తే ఒరిగేదేమిటి, పోయింది రాదు కదా అనేవాళ్లకు 1977లో ఫ్లెచర్, పీటో ఇచ్చిన జవాబు ఇప్పటికీ నిలిచి ఉంది. లండన్‌లో దాదాపు 800 మంది ఉద్యోగుల్ని ఎనిమిదేళ్లు వెంటాడి కొలిచారు వాళ్లు. పాతికేళ్లు దాటాక ఎవరికైనా మొదటి సెకను గాలి ఏడాదికి ఇరవై, ముప్పై మిల్లీలీటర్ల చొప్పున తగ్గుతుంది, అది వయసు తీసుకునే పన్ను. పొగకు లొంగిపోయే తత్వం ఉన్నవాళ్లలో ఆ తరుగు రెట్టింపు, ఇంకా ఎక్కువ. మానేసిన వాళ్లకు పోయింది తిరిగి రాలేదు, కానీ తరుగు వేగం పొగతాగనివాళ్ల స్థాయికి దిగింది. నలభై అయిదేళ్లకు మానేసినవాడు అరవై అయిదేళ్లకు ఇంటి మెట్లు ఎక్కగలడా లేడా అన్నది ఆ తేడాలో ఉంది. 2015లో వచ్చిన ఇంకో పరిశోధన దీనికి కొత్త కోణం చేర్చింది: సీఓపీడీ వచ్చినవాళ్లలో సుమారు సగం మంది తరుగు వేగం వల్ల కాదు, యవ్వనంలోనే చాలినంత ఊపిరి ఎదగక జబ్బున పడ్డారు. ఊపిరితిత్తులు ఇరవై దాటేదాకా పెరుగుతాయి. చిన్నప్పుడు మాటిమాటికీ నిమోనియా వచ్చిన పిల్లలు, పొగ గదిలో పెరిగిన పిల్లలు తక్కువ మూలధనంతో జీవితం మొదలుపెడతారు. బడిపిల్లల ఎత్తు, బరువు రాసే రిజిస్టరులో ఊదిన అంకె కూడా ఒక గడి దక్కించుకోవడం అత్యాశేమీ కాదు.

ఆచరణకు సంబంధించిన అభ్యంతరాలు ఇంకొన్ని ఉన్నాయి, వాటిని తేలిగ్గా తీసుకోకూడదు. పరీక్ష మొత్తం రోగి ఊదే తీరు మీద ఆధారపడుతుంది. సగం మనసుతో ఊదితే ఆరోగ్యవంతుడికీ జబ్బు అంకె వస్తుంది. అందుకు శిక్షణ పొందిన మనిషి ఉండాలి, ప్రతి రోగికీ కొత్త ఫిల్టరు వాడాలి, క్షయ ఉన్నవాళ్లను ముందే వేరు చేయాలి. నిజమే, కానీ బీపీ పట్టీ కూడా సరిగా చుట్టకపోతే తప్పే చూపిస్తుంది, అందుకని దాన్ని మానేయలేదు, నేర్పించాం. ఇంకొకటి, యంత్రాల్లో నిక్షిప్తం చేసిన ప్రమాణాలు చాలావరకు వేరే దేశాల శరీరాల నుంచి తీసినవి. మనిషి జాతిని బట్టి అంకెలు సవరించే పాత పద్ధతి మీద ప్రపంచవ్యాప్తంగా విమర్శ వచ్చి ఇప్పుడిప్పుడే మారుతోంది. దానికోసం ఆగనక్కర్లేదు. మొదటి సెకను గాలికీ మొత్తం గాలికీ ఉన్న నిష్పత్తి అన్ని చోట్లా ఇంచుమించు ఒకేలా పనికొస్తుంది, పోయినేడాది తన అంకెకూ ఈ ఏడాది తన అంకెకూ తేడా చూసుకోవడానికి ఏ దేశపు ప్రమాణమూ అవసరం లేదు. జబ్బు తేలాక ఇన్‌హేలర్ అంటే జనం భయపడతారన్నది మరో మాట. మొదలుపెడితే మానలేమట, ఆఖరి మందట. సాల్బుటమాల్ మాత్ర ఒకటి నాలుగు మిల్లీగ్రాములు ఉంటుంది, ఇన్‌హేలర్ రెండు పీల్పుల్లో వచ్చేది దానిలో ఇరవయ్యో వంతు, పైగా నేరుగా వెళ్లాల్సిన చోటికే వెళుతుంది. పెళ్లిచూపుల వేళ పీల్చుడు గొట్టాన్ని బీరువాలో దాచే ఇళ్లలో ఈ లెక్క చెప్పాల్సింది డాక్టరే. చేతిలో రోగి ఊదిన కాగితం ఉంటే, మందు పీల్చాక గీత ఎంత పైకి లేచిందో చూపించి మరీ చెప్పొచ్చు.

గాలిని బాగుచేయకుండా మనుషుల్ని కొలుస్తూ కూర్చుంటే బాధ్యతంతా వాళ్ల మీదికే నెట్టినట్టు కాదా అన్న ప్రశ్న నాకు అన్నిటికంటే గట్టిదిగా తోస్తుంది. సన్న ధూళి ఘనపు మీటరుకు ఏడాది సగటున 5 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది, మన దేశ ప్రమాణం 2009 నుంచీ 40 దగ్గరే ఉంది. ఎనిమిది రెట్ల తేడా ఏ ఊపిరి పరీక్షతోనూ తగ్గదు. అయితే గాలి మీటరు చూపించే మైక్రోగ్రాములు చట్టసభలో ఎవరికీ నిద్ర చెడగొట్టవు. ఫలానా క్రషర్ల చుట్టుపక్కల ఊళ్లలో ఊదినవాళ్లలో ఇంతమందికి అడ్డంకి ఉందని మండలాలవారీ లెక్క బయటికి వస్తే దాన్ని పక్కన పెట్టడం కష్టం. కొలత అటువైపు కూడా పనిచేస్తుంది.

పనిచేసే చోటనైతే మరీను. చీమకుర్తి గ్రానైట్ క్వారీల్లోనో, మార్కాపురం పలకల కోత దగ్గరో, ఊరూరా ఉన్న రాతి క్రషర్లలోనో పనిలో చేరే మనిషికి ఆ రోజే ఒకసారి ఊదించి, ఏటా మళ్లీ ఊదించాలి. సిలికోసిస్‌ను తప్పనిసరిగా తెలియజేయాల్సిన జబ్బుల్లో ఫ్యాక్టరీల చట్టం ఎప్పుడో చేర్చింది. జబ్బు కనిపెట్టేవాళ్లే లేకపోతే తెలియజేసేదేముంది? అంకె తగ్గిందని తెలియగానే యజమాని పనిలోంచి తీసేస్తాడని కార్మిక సంఘాలు భయపడతాయి, ఆ భయం ఉత్తిది కాదు. అందుకే పరీక్ష చేయించే ఖర్చు యజమానిదైనా చేసేది ప్రభుత్వ ఆరోగ్య కేంద్రం కావాలి, కాగితం ఒక ప్రతి కూలీ చేతికి రావాలి, అంకె తగ్గినవాళ్లను దుమ్ము లేని పనికి మార్చాలన్న నిబంధన దాంతోపాటే ఉండాలి. పదిహేనేళ్ల తర్వాత పరిహారం కోసం దరఖాస్తు పెట్టినప్పుడు యజమాని తరఫు వకీలు మొట్టమొదట అడిగే ప్రశ్న, ఈ జబ్బు ఇక్కడికి రాకముందు నుంచే లేదని రుజువేమిటని. చేరిన రోజున ఊదిన కాగితం ఉన్నవాడికే దానికి జవాబుంటుంది.